ప్రమాదకర సరుకుల వాహనం నడపడానికి శిక్షణ, ఎండార్స్‌మెంట్, రెన్యువల్: ఎలా చేయించుకోవాలి

పెట్రోలు, గ్యాస్, యాసిడ్, రసాయనాల ట్యాంకర్లు నడపాలనుకునే డ్రైవర్లు, వారిని పనిలో పెట్టుకునే లారీ యజమానులు పదే పదే అడిగే ప్రశ్నలు రెండు. హెవీ లైసెన్సు ఉన్నాక ఇంకా ఏ కాగితం కావాలన్నది మొదటిది. ఒకసారి తీసుకున్నదాన్ని మళ్లీ ఎప్పుడు, ఎలా కొత్తగా చేయించుకోవాలన్నది రెండోది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో రోడ్డు మీద సరుకు నడిపేవారి కోసం ఆ రెండింటికీ జవాబు ఇక్కడ వరుసగా ఉంది.

ముందే ఒక విషయం మనసులో పెట్టుకోండి. శిక్షణ సర్టిఫికెట్ వేరు, లైసెన్సు మీద పడే ఎండార్స్‌మెంట్ (ప్రమాదకర సరుకుల వాహనం నడపవచ్చని అధికారి చేసే నమోదు) వేరు, ఫలానా సరుకు ఎక్కించే ముందు యజమాని మీకు ఇవ్వాల్సిన సూచనలు వేరు. ఈ మూడింటిలో ఒకటి ఉంటే మిగతా రెండూ ఉన్నట్టే అనుకోవడం వల్లనే చెక్‌పోస్టు దగ్గర, టెర్మినల్ గేటు దగ్గర, ప్రమాదం తర్వాత బీమా క్లెయిము దగ్గర ఎక్కువ చిక్కులు వస్తాయి.

నియమం క్లుప్తంగా

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 9వ నియమం డ్రైవర్ శిక్షణ గురించి చెబుతుంది. 129 నుంచి 137 వరకు ఉన్న నియమాలు వాహనం మీద ఉండాల్సిన గుర్తులు, సరుకు పంపేవారి బాధ్యత, యజమాని బాధ్యత, డ్రైవర్ బాధ్యత చెబుతాయి. గడువు సంగతి 1988 నాటి మోటారు వాహనాల చట్టం 14వ సెక్షన్‌లో ఉంది. 2019 సవరణ తర్వాత మామూలు రవాణా వాహనాల లైసెన్సు 5 ఏళ్లు, ప్రమాదకర సరుకుల వాహనం నడిపే అర్హత 3 ఏళ్లు చెల్లుతాయి. సవరణకు ముందు ఇవి 3 ఏళ్లు, 1 ఏడాదిగా ఉండేవి. ఇప్పటికీ కొందరు పాత లెక్కే చెబుతూ ఉంటారు కనుక ఏజెంటు నోటిమాట మీద కాక, మీ రికార్డులో ఉన్న తేదీ మీద ఆధారపడండి.

ఇది ఎవరికి అవసరం

మండేవి, పేలేవి, విషపూరితమైనవి, ఒంటిని, లోహాన్ని తినేసేవి అయిన సరుకులను మోసే ఏ గూడ్స్ వాహనాన్ని నడిపే వ్యక్తికైనా ఇది అవసరం. పెట్రోలు, డీజిలు, కిరోసిన్, ఎల్పీజీ, క్లోరిన్, అమ్మోనియా, సల్ఫ్యూరిక్ యాసిడ్, హైడ్రోక్లోరిక్ యాసిడ్, కాస్టిక్ సోడా ద్రావణం, ఫార్మా కంపెనీలకు వెళ్లే సాల్వెంట్లు ఈ కోవలోకి వస్తాయి. చర్లపల్లి, విశాఖ టెర్మినళ్ల నుంచి ఇంధనం ఎత్తే ట్యాంకర్లకే ఇది వర్తిస్తుందని, జీడిమెట్లలోనో పాశమైలారంలోనో పరవాడలోనో డ్రమ్ముల్లో రసాయనం వేసుకుని తిరిగే చిన్న బండికి అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. ఆ మాట నిజం కాదు. వర్తింపును నిర్ణయించేది సరుకు. బండి చిన్నదా పెద్దదా అన్నది కాదు.

ఇక్కడ ఒక తీర్పును తప్పుగా అర్థం చేసుకుంటున్నవారు ఉన్నారు. 7,500 కిలోల లోపు బరువుండే రవాణా వాహనాలను ఎల్ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) లైసెన్సుతోనే నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. అది చదివి, గ్యాస్ సిలిండర్ల ఆటో ట్రాలీకి కూడా ఇక ఏ ఎండార్స్‌మెంటూ వద్దని కొందరు చెబుతున్నారు. అదే తీర్పు ప్రమాదకర సరుకుల వాహనాలకు ఉన్న ప్రత్యేక నిబంధనలను అలాగే ఉంచింది.

ఖాళీ ట్యాంకర్ మాటేమిటని కూడా అడుగుతారు. పెట్రోలు దించేసిన ట్యాంకులో ద్రవం ఉండదు కానీ ఆవిరి నిండి ఉంటుంది. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉన్నప్పుడే అంటుకుంటుంది, ఖాళీ చేసిన ట్యాంకులో గాలి చేరి ఆ పాళ్లు కుదిరే అవకాశమే ఎక్కువ. కాబట్టి తిరుగు ప్రయాణంలో ఎండార్స్‌మెంట్ లేని డ్రైవర్‌కు స్టీరింగ్ అప్పగించే అలవాటు ఉంటే మానుకోండి.

సిద్ధం చేసుకోవలసినవి

- చెల్లుబాటులో ఉన్న రవాణా వాహన లైసెన్సు. దీనికి కనీస వయసు 20 ఏళ్లు. ఇది లేనిదే ఎండార్స్‌మెంట్ ప్రసక్తే రాదు.
- రాజ్యాంగం 8వ షెడ్యూలులోని ఏదైనా ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లిషు కూడా చదవడం, రాయడం. తెలుగు ఒక్కటే వస్తే సరిపోతుందని అనుకోవద్దు. నియమంలో ఇంగ్లిషు కూడా ఉంది. ట్యాంకర్ మీది పేరు, హెచ్చరికలు చాలాసార్లు ఇంగ్లిషులోనే ఉంటాయి.
- ఆధార్, చిరునామా రుజువు, ఫోటోలు. ఇవన్నీ లైసెన్సులోని పేరుతో, పుట్టిన తేదీతో సరిపోవాలి.
- లైసెన్సు రెన్యువల్ కూడా కలిసి వస్తుంటే, ఫారం 1ఏ ప్రకారం రిజిస్టరైన వైద్యుడు ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం.
- రెన్యువల్ అయితే పాత శిక్షణ సర్టిఫికెట్ ప్రతి.

1. మొదట మీ రికార్డు చూసుకోండి

శిక్షణకు డబ్బు కట్టే ముందు మీ లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ ఇచ్చి రవాణా శాఖ వెబ్‌సైటులోనో కేంద్ర ప్రభుత్వ పోర్టల్ పరివాహన్‌లోనో వివరాలు తెరవండి. అక్కడ మీకు మూడు వేర్వేరు తేదీలు కనబడతాయి: నాన్-ట్రాన్స్‌పోర్ట్ గడువు, ట్రాన్స్‌పోర్ట్ గడువు, హజార్డస్ గడువు. పరివాహన్‌లో మూడోది ‘హజార్డస్ వ్యాలిడ్ టిల్’ అన్న గడిలో ఉంటుంది. అందులో తేదీ కాక ‘ఎన్ఏ’ (వర్తించదు) అని ఉంటే, మీ చేతిలో ఎన్ని సర్టిఫికెట్లున్నా రికార్డు ప్రకారం మీకు ఎండార్స్‌మెంట్ లేనట్టే.

ట్రాన్స్‌పోర్ట్ గడువు కొద్ది నెలల్లో తీరిపోతుంటే ముందు దాని సంగతి చూసుకోండి, లేదా రెండింటికీ ఒకేసారి దరఖాస్తు పెట్టండి. తల్లి లైసెన్సు తీరిపోయాక దాని మీద నిలబడ్డ ఎండార్స్‌మెంట్‌కు విలువ ఉండదు.

2. గుర్తింపు ఉన్న సంస్థను ఎంచుకోండి

9వ నియమం ప్రకారం శిక్షణ రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన సంస్థలోనే జరగాలి. బోర్డు మీద ‘గవర్నమెంట్ అప్రూవ్డ్’ అని రాసుకోవడం గుర్తింపు కాదు. మీరు దరఖాస్తు పెట్టబోయే ఆర్టీఏ కార్యాలయానికే వెళ్లి, ఏయే సంస్థల సర్టిఫికెట్లు తీసుకుంటున్నారో అడగండి. సంస్థ దగ్గర గుర్తింపు ఉత్తర్వు ప్రతి చూపించమని అడిగి, దాని మీద గుర్తింపు గడువు కూడా చదవండి. సంస్థకు గుర్తింపు తీరిపోయాక ఇచ్చిన సర్టిఫికెట్ మీకు గుదిబండ అవుతుంది.

వేరే రాష్ట్రంలో చేసిన శిక్షణను మీ కార్యాలయం తీసుకుంటుందో లేదో చేరకముందే కనుక్కోండి. ఉద్యోగం హైదరాబాదులో, ఇల్లు శ్రీకాకుళంలో ఉన్న డ్రైవర్లకు ఇది తరచూ ఎదురయ్యే సమస్య. దరఖాస్తు మీరు నివసించే ప్రాంతపు లైసెన్సింగ్ అధికారికి పెట్టాలన్నది నియమం.

హెచ్చరిక: తరగతికి రాకుండానే సర్టిఫికెట్ ఇప్పిస్తామని చెప్పేవారు అన్ని ఊళ్లలోనూ ఉంటారు. అలాంటి కాగితం కౌంటర్ దగ్గర గట్టెక్కినా, ప్రమాదం జరిగిన రోజున హాజరు పట్టీ, సంతకాలు, తేదీలు పరిశీలనకు వస్తాయి. శిక్షణ జరిగినట్టు రాసిన మూడు రోజులూ మీరు లోడుతో వేరే జిల్లాలో ఉన్నట్టు టోల్ రసీదులు చెబితే మీ వాదన అక్కడితో ముగుస్తుంది.

3. మూడు రోజుల శిక్షణకు పూర్తిగా హాజరు కండి

మొదటిసారి తీసుకునేవారికి శిక్షణ 3 రోజులు. మొదటి రెండు రోజులు జాగ్రత్తగా బండి నడపడం గురించి ఉంటాయి: ప్రమాదాలకు కారణాలు, డ్రైవర్ ఆరోగ్యం, బ్రేకు వేశాక బండి ఆగే దూరం, రాత్రి ప్రయాణం, రైల్వే గేట్లు, ఓవర్‌టేకింగ్, బయల్దేరే ముందు చేసే తనిఖీ, తర్వాత ఒక్కొక్కరితో విడివిడిగా బండి నడిపించి చూడటం. ఇరవై ఏళ్లుగా లారీ తోలుతున్నవారికి ఇది తెలిసిన సంగతిలా అనిపిస్తుంది, చాలామంది ఈ రెండు రోజులూ ఫోను చూస్తూ గడిపేస్తారు. కనీసం ట్యాంకులో ద్రవం సగం నిండినప్పుడు మలుపులో అది ఎలా ఒక పక్కకు పొర్లి బండిని లాగుతుందో, దానికి వేగం ఎంతకు తగ్గించాలో అడిగి తెలుసుకోండి. కంకర లారీ అనుభవం ఇందులో పనికిరాదు.

మూడో రోజు అసలైనది. సరుకుల వర్గీకరణ, హాజ్‌కెమ్ కోడు (మంట, లీకు వచ్చినప్పుడు ఏం చేయాలో సూచించే గుర్తు), ట్రెమ్ కార్డు (సరుకు వల్ల వచ్చే ప్రమాదం, అత్యవసరంలో చేయాల్సినవి రాసి ఉండే కార్డు), విషస్వభావం, మండే స్వభావం, వాల్వులు, లీకు వస్తే చేయాల్సినవి, రక్షణ దుస్తులు, మంటలార్పడం, ప్రథమ చికిత్స, చెరువులు, బావులలోకి రసాయనం చేరకుండా చూడటం అన్నీ ఈ ఒక్క రోజులోనే వస్తాయి. వాల్వుల పాఠాన్ని తేలిగ్గా తీసుకోకండి. 2024 డిసెంబరు 20న జైపూర్ దగ్గర భాంక్రోటాలో మలుపు తిరుగుతున్న ఎల్పీజీ ట్యాంకర్‌ను లారీ ఢీకొన్నప్పుడు నాజిల్ దెబ్బతిని గ్యాస్ బయటికి చిమ్మింది, ఆ మంటలు చుట్టుపక్కల వాహనాలన్నింటినీ చుట్టుముట్టాయి. ఎల్పీజీ గాలికన్నా బరువైనది, నేలను పట్టుకుని పాకుతుంది, పల్లానికి, కాలువల్లోకి చేరుతుంది. ఏ దిక్కుకు పరిగెత్తాలో, జనాన్ని ఏ దిక్కుకు పంపాలో చెప్పేది ఆ ఒక్క ముక్కే: గాలికి ఎదురుగా, ఎత్తుకు.

శిక్షణలో బండి మీది అత్యవసర సమాచార ప్యానెల్ చదవడం ఖచ్చితంగా నేర్చుకోండి. పెట్రోలు ట్యాంకర్ పక్కన ఉండే పలకను తీసుకుందాం. దాని మీద 1203 అన్న ఐక్యరాజ్యసమితి సంఖ్య, ‘3వైఈ’ అన్న హాజ్‌కెమ్ కోడు, మంట గుర్తున్న ఎర్రటి వజ్రాకారపు లేబుల్ ఉంటాయి. కోడులో మొదటి అంకె 3 అంటే నురుగుతో ఆర్పాలి, నీళ్ల ధారతో కాదు. వై అంటే ఇది తీవ్రంగా చర్య జరపవచ్చు, దగ్గరికి వెళ్లేవారికి శ్వాస పరికరం ఉండాలి, కారినదాన్ని నీళ్లతో కడిగి కాలువలోకి పంపకుండా అక్కడే అడ్డుకట్ట వేయాలి. చివరి ఈ అంటే చుట్టుపక్కల వారిని ఖాళీ చేయించే ఆలోచన చేయాలి. మూడు అక్షరాల్లో ఇంత ఉంది. ఫైర్ ఇంజన్ వచ్చేలోగా చేయకూడని పనేదో డ్రైవర్‌కు చెప్పేది అదే.

4. సర్టిఫికెట్‌ను అక్కడే తనిఖీ చేసుకోండి

సంస్థ ఆవరణ దాటకముందే ఈ వివరాలు చూడండి: లైసెన్సులో ఉన్నట్టే పేరు, ఇంటిపేరు, లైసెన్సు నంబరు, శిక్షణ మొదలైన తేదీ, ముగిసిన తేదీ, గుర్తింపు ఉత్తర్వు సంఖ్య, అధీకృత సంతకం, ముద్ర. లైసెన్సులో ఇంటిపేరు ముందు, సర్టిఫికెట్‌లో చివర ఉండటం, ‘వెంకటేశ్వర్లు’కు ఇంగ్లిషు అక్షరాలు రెండు చోట్ల రెండు రకాలుగా ఉండటం మన దగ్గర సర్వసాధారణం. ఆ రోజైతే ఐదు నిమిషాల్లో దిద్దించుకోవచ్చు, నెల తర్వాత అదే పనికి సంస్థ చుట్టూ తిరగాలి.

5. ఎండార్స్‌మెంట్‌కు దరఖాస్తు పెట్టండి

శిక్షణ పూర్తి చేయడంతో పని అయిపోయిందనుకుని సర్టిఫికెట్‌ను క్యాబిన్‌లో పెట్టుకుని తిరిగేవారు చాలామంది. చట్టం దృష్టిలో మీకు అధికారం వచ్చేది లైసెన్సింగ్ అధికారి మీ లైసెన్సులో నమోదు చేసిన తర్వాతే. 9వ నియమం తెల్లకాగితం మీద దరఖాస్తు చాలంటుంది కానీ, ఆచరణలో ఆన్‌లైన్‌లో స్లాటు తీసుకుని రుసుము కట్టి రావాల్సి ఉంటుంది. సారథి (పరివాహన్‌లోని లైసెన్సు సేవల విభాగం) వాడే చోట లైసెన్సు సేవల జాబితాలో ప్రమాదకర సరుకుల ఎండార్స్‌మెంట్ అన్న సేవ విడిగా ఉంటుంది. చిరునామా మార్పు, రెన్యువల్ వంటివి కూడా ఉంటే ఒకే దరఖాస్తులో కలిపి పెట్టుకోవడం మేలు.

ఆన్‌లైన్‌లో అప్‌లోడ్ చేసినా అసలు సర్టిఫికెట్, అసలు లైసెన్సు వెంట తీసుకెళ్లండి. రుసుము రసీదు, దరఖాస్తు సంఖ్య ఫోటో తీసి పెట్టుకోండి. దరఖాస్తు పెట్టిన రసీదు ఎండార్స్‌మెంట్‌కు బదులు కాదు; దాన్ని చూపించి లోడు ఎత్తవద్దు.

మీ లైసెన్సు మొదట వేరే కార్యాలయంలో జారీ అయి ఉంటే, ఇప్పుడు ఎండార్స్‌మెంట్ వేసిన అధికారి ఆ మూల కార్యాలయానికి సమాచారం పంపాలని నియమంలోనే ఉంది. పంపారో లేదో రికార్డులో చూసుకోవాల్సింది మాత్రం మీరే.

6. ఫలితం సరిచూసుకోండి

కార్డు చేతికి వచ్చాక గానీ, దరఖాస్తు ఆమోదం పొందినట్టు సందేశం వచ్చాక గానీ మళ్లీ మొదటి అడుగులో చూసిన పేజీనే తెరవండి. హజార్డస్ గడిలో తేదీ పడిందా, ఆ తేదీ మూడేళ్ల లెక్కకు సరిపోతోందా, ట్రాన్స్‌పోర్ట్ గడువు మారకుండా ఉందా అని చూడండి. డిజిలాకర్‌లోని లైసెన్సులో కూడా అదే కనబడాలి. కార్డు మీద ఉండి రికార్డులో లేకపోతే చెక్‌పోస్టు దగ్గర నమ్మేది రికార్డునే. తేడా ఉంటే రసీదుతో అదే వారంలో కార్యాలయానికి వెళ్లండి.

7. సరుకు మారినప్పుడల్లా సూచనలు తీసుకోండి

మూడు రోజుల సర్టిఫికెట్ అన్ని సరుకులకూ కలిపి ఇచ్చే సాధారణ శిక్షణ. 135వ నియమం ఇంకొక మెట్టు పైకి వెళ్లి, తాను మోయబోయే సరుకు స్వభావం, దాని వల్ల వచ్చే ప్రమాదం, తీసుకోవాల్సిన జాగ్రత్తలు, అత్యవసరంలో చేయాల్సినవి డ్రైవర్‌కు తెలిసేలా చూడమని యజమానిని ఆదేశిస్తుంది, అది కూడా సరుకు పంపేవారికి తృప్తి కలిగేలా. నిన్నటి దాకా డీజిలు మోసిన డ్రైవర్ రేపటి నుంచి సల్ఫ్యూరిక్ యాసిడ్ ట్యాంకర్ ఎక్కితే అతని ఎండార్స్‌మెంట్ చెల్లుతుంది, కానీ ఈ సూచనలు మళ్లీ కొత్తగా జరగాలి. డీజిలు కారితే మంట గురించి భయపడాలి. యాసిడ్ కారితే ఒంటి మీద పడటం గురించి, దాని మీద కొద్ది కొద్దిగా నీళ్లు పోసినప్పుడు పుట్టే వేడి, చిమ్మడం గురించి భయపడాలి.

యజమాని ఈ సూచనలు ఇచ్చినట్టు ఒక చిన్న పుస్తకంలో తేదీ, సరుకు పేరు, ఐక్యరాజ్యసమితి సంఖ్య, చెప్పినవారి సంతకం, డ్రైవర్ సంతకం రాయించాలి. ఫారం అంటూ ఏదీ లేకపోయినా ఒక్క నోటు పుస్తకం చాలు. సరుకు వివరాలున్న ట్రెమ్ కార్డు డ్రైవర్‌కు ఇచ్చి, అతను చదవగల భాషలో దాని సారాంశం కూడా ఇవ్వడం మంచిది. ఆ కార్డు 133వ నియమం ప్రకారం ప్రయాణం పొడవునా క్యాబిన్‌లో ఉండాలి. టూల్ బాక్సులో, సీటు కింద, యజమాని ఆఫీసు ఫైల్‌లో ఉంటే ఉన్నట్టు కాదు.

8. బయల్దేరే ముందు బండిని కూడా ఒకసారి చూడండి

డ్రైవర్ కాగితాలన్నీ సవ్యంగా ఉన్నా బండి మీద గుర్తులు లేకపోతే కేసు తప్పదు. అత్యవసర సమాచార ప్యానెల్ రెండు పక్కలా, వెనకా కలిపి మూడు చోట్ల ఉండాలి. సరుకు పేరు అక్షరాలు కనీసం 50 మిల్లీమీటర్ల ఎత్తు, వర్గపు లేబుల్ కనీసం 250 మిల్లీమీటర్ల చదరం ఉండాలి. సరుకు పంపినవారి ఫోను నంబరు ప్యానెల్ మీద చదవగలిగేలా ఉండాలి, ఫోను చేస్తే ఎత్తేది అయి ఉండాలి. బయల్దేరే ముందు ఆ నంబరుకు ఒకసారి ఫోను చేసి చూడండి. ఉద్యోగం మానేసిన మేనేజరు నంబరు ఏళ్ల తరబడి ట్యాంకర్ మీద అలాగే ఉండిపోవడం కొత్తేమీ కాదు. స్పార్క్ అరెస్టర్ (పొగగొట్టం నుంచి నిప్పురవ్వలు బయటికి రాకుండా ఆపే పరికరం), అగ్నిమాపకాలు, ప్రథమ చికిత్స పెట్టె సరేసరి.

ట్యాంకర్‌లో వేరే సరుకు ఎత్తినప్పుడు పాత ప్యానెల్ మార్చకపోవడం అన్నింటికన్నా ప్రమాదకరమైన నిర్లక్ష్యం. ఫైర్ సిబ్బంది వచ్చి చదివేది ఆ పలకనే.

9. రెన్యువల్: మూడు నెలల ముందు మొదలు పెట్టండి

చట్టంలో 2019కి ముందు ఒక రోజు రిఫ్రెషర్ కోర్సు అన్న మాట ఉండేది, ఇప్పుడు కేంద్రం నిర్దేశించే షరతులకు లోబడి అని ఉంది. రెన్యువల్‌కు కార్యాలయాలు అడుగుతున్నది ఆ ఒక రోజు రిఫ్రెషర్ సర్టిఫికెట్టే. చేరే ముందు మీ ఆర్టీఏలో అడిగి రూఢి చేసుకోండి. పద్ధతి మొదటిసారి లాంటిదే: గుర్తింపు ఉన్న సంస్థ, సర్టిఫికెట్ తనిఖీ, దరఖాస్తు, రికార్డు సరిచూడటం.

తేదీల లెక్క ఒక ఉదాహరణతో చూడండి. ఒక డ్రైవర్ ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు 2028 ఆగస్టు 14 వరకు ఉంది. అతనికి ఎండార్స్‌మెంట్ 2025 మార్చి 10న పడింది. మూడేళ్ల లెక్కన అతని హజార్డస్ గడువు 2028 మార్చి 9. లైసెన్సు కార్డు మీద పెద్దక్షరాల్లో ఆగస్టు అని చూసి అతను ఏప్రిల్, మే, జూన్ నెలల్లో ట్యాంకర్ నడిపితే ఆ మూడు నెలలూ అర్హత లేకుండా నడిపినట్టే. 2027 డిసెంబరులో అతను పని మొదలు పెట్టాలి, వీలైతే ట్రాన్స్‌పోర్ట్ రెన్యువల్ కూడా అప్పుడే కానిచ్చుకోవాలి, ఎందుకంటే గడువుకు ఏడాది ముందు నుంచే లైసెన్సు రెన్యువల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

గడువు దాటితే ఏమవుతుంది? పాత చట్టంలో లైసెన్సు గడువు తీరాక 30 రోజులు చెల్లుబాటు అయ్యే వెసులుబాటు ఉండేది. 2019 సవరణ దాన్ని తీసేసింది, అయినా ఆ 30 రోజుల మాట లారీ స్టాండుల్లో ఇంకా వినబడుతూనే ఉంది. గడువు తీరిన ఏడాదిలోపు లైసెన్సు రెన్యువల్ చేయించుకోవచ్చు కానీ అది రెన్యువల్ చేసిన రోజు నుంచే అమలవుతుంది. మధ్యలో పోయిన రోజులు వెనక్కి రావు. ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ పరీక్ష పాసవ్వాలి.

గడువు దాటిన డ్రైవర్‌ను ఆ మధ్య రోజుల్లో ప్రమాదకరం కాని సరుకుల లోడుకు పంపండి. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు చెల్లుతున్నంత కాలం అందుకు అడ్డేమీ లేదు.

యజమానులకు విడిగా

‘డ్రైవర్ లైసెన్సు డ్రైవరే చూసుకోవాలి’ అన్న మాట కోర్టులో నిలవదు. 2020లో బేలీరామ్ కేసులో సుప్రీంకోర్టు, డ్రైవర్ లైసెన్సు గడువు తీరి మూడేళ్లయినా పట్టించుకోని యజమాని మీదే పరిహారం భారం వేసింది, బీమా కంపెనీని తప్పించింది. దానికి తోడు, మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ ప్రకారం ప్రమాదకర సరుకుల నియమాలు ఉల్లంఘించి బండి నడిపినవారికే కాక నడపనిచ్చినవారికి కూడా మొదటి తప్పుకు 10,000 రూపాయల జరిమానా గానీ, ఏడాది వరకు జైలు గానీ, రెండూ గానీ పడతాయి. రెండోసారి జరిమానా 20,000, జైలు మూడేళ్ల వరకు.

ఒక్క పట్టిక పెట్టుకోండి. డ్రైవర్ పేరు, లైసెన్సు నంబరు, ట్రాన్స్‌పోర్ట్ గడువు, హజార్డస్ గడువు, శిక్షణ ఇచ్చిన సంస్థ, చివరిసారి సరుకు సూచనలు ఇచ్చిన తేదీ అన్నవి దాని గడులు. డ్రైవర్ చూపించిన జిరాక్సు నుంచి కాక, ప్రతి నెల మొదటి రోజు రికార్డు పేజీ తెరిచి తేదీలు నింపండి. చేతిలో ఉన్న కాగితం మీద తేదీ దిద్దడం ఎంత తేలికో లారీ రంగంలో ఉన్నవారికి చెప్పనక్కర్లేదు. బదిలీ డ్రైవర్ల పేర్లు కూడా పట్టికలో ఉండాలి, ఎందుకంటే అసలు డ్రైవర్ పెళ్లికి ఊరెళ్లిన రోజున స్టీరింగ్ పట్టుకునేది వాళ్లే.

చమురు కంపెనీల టెర్మినళ్లకు సొంత షరతులు కూడా ఉంటాయి. వాటి శిక్షణ కార్డు మీకు లోపలికి వెళ్లే గేట్ పాస్ ఇప్పిస్తుంది తప్ప ఆర్టీఏ ఎండార్స్‌మెంట్‌కు బదులు కాదు. ఎండార్స్‌మెంట్ ఉన్నంత మాత్రాన గేటు తెరుచుకోకపోవడం కూడా అంతే సహజం.

నేర్చుకున్నది నిలిచిందో లేదో చూసుకోండి

రిఫ్రెషర్ అయ్యాక యజమాని లేదా సీనియర్ డ్రైవర్ ఈ ప్రశ్నలు వేయాలి, జవాబు బండి పక్కన నిలబెట్టి చేయించి చూడాలి. ఈ ట్యాంకులో ఉన్నదేమిటి, దాని సంఖ్య ఎంత? ఎమర్జెన్సీ షటాఫ్ ఎక్కడుంది, చీకట్లో చేయి పెట్టి తాకగలవా? అన్‌లోడింగ్‌కు ముందు ఎర్త్ క్లిప్ (స్థిర విద్యుత్తును నేలలోకి పంపే తీగ క్లిప్పు) ఏ భాగానికి తగిలించాలి, రంగు పూత మీద తగిలిస్తే ఎందుకు పనిచేయదు? లీకు వస్తే మొదటి ఫోను ఎవరికి? ప్రమాదం జరిగితే దగ్గరి పోలీసు స్టేషనుకు, యజమానికి వెంటనే తెలపడం 136వ నియమం ప్రకారం డ్రైవర్ విధి. 112, అగ్నిమాపకానికి 101, జాతీయ రహదారి మీద అయితే 1033 నంబర్లు నోటికి రావాలి. సగం ప్రశ్నల దగ్గర తడబడితే సర్టిఫికెట్‌లో ఎన్నేళ్ల గడువున్నా మళ్లీ ఒక పూట కూర్చోబెట్టండి.

ఇది ఎక్కడ పనికిరాదు

ఈ ఎండార్స్‌మెంట్ రోడ్డు వాహనం నడపడానికే. శంషాబాద్ నుంచి విమానంలో రసాయన నమూనాలు పంపే ఫార్మా ఉద్యోగులకు ఐఏటీఏ (అంతర్జాతీయ విమాన రవాణా సంఘం) నిబంధనల ప్రకారం వేరే శిక్షణ ఉంటుంది, దాన్ని ప్రతి 24 నెలలకు పునరుద్ధరించుకోవాలి. గడువులోని చివరి మూడు నెలల్లో మళ్లీ శిక్షణ పూర్తి చేస్తే కొత్త గడువును పాత గడువు తీరే తేదీ నుంచే లెక్కిస్తారు కాబట్టి తొందరపడి నష్టపోయేదేమీ ఉండదు. విదేశాల్లో ట్యాంకర్ నడపాలనుకునేవారికి అక్కడి శిక్షణ మొదటి నుంచీ తప్పదు: ఐరోపాలో ఏడీఆర్ (ప్రమాదకర సరుకుల రోడ్డు రవాణా ఒప్పందం) సర్టిఫికెట్ 5 ఏళ్లు చెల్లుతుంది, అమెరికాలో ప్రమాదకర సరుకులతో పనిచేసే ఉద్యోగులకు కనీసం 3 ఏళ్లకోసారి మళ్లీ శిక్షణ ఇవ్వాలి. ఇక్కడి సర్టిఫికెట్ అక్కడ అనుభవానికి సాక్ష్యంగా చూపుకోవచ్చు, అర్హతగా మాత్రం చెల్లదు.